నేనే చేసినట్టు

తాడిపత్రి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ప్రహరీ పక్కన
రేకుల నీడలో ముప్పై రెండేండ్లు టైపు కొట్టినా.
పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము పడి
మిషన్‌లో 'క్ష' ఎప్పుడూ ఇరుక్కునేది,
గుండుపిన్నుతో పొడిచి లేపేదాన్ని.
నాపరాతి క్వారీకి, కోర్టు వాయిదాకు,
కువైట్ పోయినామె మూడు సెంట్ల జాగాకు
ఎన్ని అధికారపత్రాలు కొట్టినానో!
"సదరు ఏజెంటు చేయు సమస్త కార్యములు
నేనే స్వయముగా చేసినట్లు ఒప్పుకొనుచున్నాను."
ఆ వాక్యం నా వేళ్ళకు తెలుసు.
నేనెప్పుడూ చదవలేదు.

మాఘమాసంలో ఒక దస్తావేజుకు చెక్కుబందీలు కొడతా
తూర్పు రెండుసార్లు కొట్టినా.
ఉత్తరం లేదు.
జాగా కొన్నాయన చూసి నవ్వినాడు,
"పోనీలే అక్కా, ఒకపక్క గోడ ఖర్చు మిగిలింది."
నేనూ నవ్వినా.
రాత్రి లేచి కూచుని నాలుగు దిక్కులూ
వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నా.
అనంతపురం డాక్టరు గడియారం బొమ్మ గీయమన్నాడు.
పన్నెండంకెలూ ఒక్క పక్కకే చేరినాయి,
ఎండపూట బస్సులో జనం నీడపక్కకు జరిగినట్టు.

తమ్ముని కొడుకు ఎర్రిస్వామి కాగితాలు తెచ్చినాడు.
"సంతకం పెట్టత్తా, అంతా నేను చూసుకుంటా."
మంచోడే.
కానీ 'అంతా' ఎంత పెద్ద మాటో
'సమస్త' అని కొట్టి కొట్టి నాకు తెలుసు.

నాకు దస్తగిరమ్మ కావాల.
బంధువు కాదు. రాళ్ళ ఫ్యాక్టరీలో పాలిష్ పని.
పోయినేడు గవర్నమెంటాసుపత్రిలో నా మంచం మీదుగా
డాక్టరు, ఎర్రిస్వామి, నర్సమ్మ మాట్లాడుకుంటాంటే
రాతిబురద చీరతోనే వచ్చి నిలబడి
"ఆయమ్మను అడిగినారా?" అనింది.
అంతే.

వకీలు చెన్నకేశవులు కండ్లద్దాలు తీసినాడు.
"అమ్మా, ఇది నీకు తెలివి ఉన్నన్నాళ్ళే చెల్లుతాది.
తెలివి తప్పిననాడు కాగితమూ తప్పిపోతాది."
ఇన్నేండ్లు కొట్టినా నాకెవరూ చెప్పలే.
పెన్నలో పోసిన మట్టిదారి మాదిరి:
ఏరు ఎండినన్నాళ్ళూ దాటొచ్చు,
నీళ్ళొచ్చిన రాత్రే అది ఉండదు.
ఆసుపత్రికి వేరే కాగితం ఉండాదంట,
నోటరీ ముందర, ఇద్దరు సాక్షులతో.
సరే, రెండూ రాద్దామన్నా.

నా కాగితం నేనే కొట్టుకున్నా.
"నేను, కుళ్ళాయమ్మ, తండ్రి లేటు నల్లబోతుల ఓబన్న,
పూర్తి జ్ఞాపకముతో"
'పూర్తి' దగ్గర వేళ్ళు ఆగినాయి.
దాన్ని చెరిపి 'ఉన్నంత' అని కొట్టినా.
చెన్నకేశవులు ఎర్రసిరాతో గీత కొట్టి
మళ్ళా 'పూర్తి' రాసినాడు.
గొంతులో గొట్టాలు వద్దని రెండో కాగితంలో ఉండాది.
మూడో కాగితం యాడా లేదు,
దస్తగిరమ్మకు నోటితోనే చెప్పినా:
నా పేరు నేను మరిచినా, నువ్వు పేరు పెట్టే పిలువు.
జొన్నరొట్టె పాలలో నానబెట్టు, గుజ్జు చేయొద్దు.
ఎర్రిస్వామి వస్తే కూచోబెట్టు, కసురుకోవద్దు.
ఏడిస్తే వెంటనే ఊరుకోబెట్టొద్దు,
కొంచెంసేపు ఏడ్వనీ.

రిజిస్ట్రేషన్ నాడు ఆమె వేలిని మిషన్ పట్టలే.
రాయి నున్నగా చేసి చేసి గీతలు అరిగిపోయినాయి.
తలనూనెకు రుద్దింది, కొంగుకు తుడిచింది, ఊదింది.
నా తరఫున నిలబడాల్సిన చేతికి
తనదంటూ గుర్తు లేదు.
వెనక వరసలో ఎవరో టైం అడుగుతున్నారు.
ఏడోసారికి పచ్చలైటు వెలిగింది.

బయట టీ అంగడి బల్ల మీద కూచున్నాం.
కవరు ఒడిలో పెట్టుకుని
"చక్కెర ఎక్కువేయమనల్లా, తక్కువా?" అనింది.
ఇరవై ఏండ్లుగా నేను తాగే టీ ఆమెకు తెలుసు.
ఆలోచించి చెప్పినా.